ఓనమాలకు ముందు మూడేళ్లు

తెలుగు ప్రాంతాల్లో పిల్లల్ని ఆనవాయితీగా బడిలో వేసే వయసు అయిదేళ్లు. ఈ లెక్క ఏ విద్యాశాఖా పెట్టింది కాదు, అంతకంటే చాలా పాతది. 1822 జూన్ 25న మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన ఏలుబడిలోని కలెక్టర్లందరినీ ఊరి బడుల వివరాలు పంపమని అడిగాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన జవాబు అంకెలతో ఆగలేదు, బడి లోపల ఏం జరుగుతుందో కూడా చెప్పింది. తెలుగు వ్యాకరణం రాసిన దొర ఈయనే. నేటి అనంతపురం ప్రాంతం అప్పటికి బళ్లారి జిల్లాలోనే ఉండేది. జిల్లాలో 533 బడులుంటే వాటిలో తెలుగు నేర్పేవి 226.

అయిదేళ్లు రాగానే పంతులునీ, బడి పిల్లల్నీ ఇంటికి పిలిచేవారు. వినాయకుడి బొమ్మ చుట్టూ అందరూ కూర్చునేవారు. కొత్త పిల్లవాణ్ణి బొమ్మకు ఎదురుగా కూర్చోబెట్టి, తెలివినిమ్మని ప్రార్థన చెప్పించి, వేలు పట్టుకుని బియ్యంలో దేవుడి పేరు దిద్దించేవాడు పంతులు. మర్నాటి నుంచే బడి. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్న చుట్టేవారు. మూడోవాడికి మెత్తగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చేవారికి ఒక్కొక్కటి ఎక్కువ. మొదటి అక్షరాలు ఇసుకలో వేలితో దిద్దాకే పలక చేతికొచ్చేది.

ఆ బడి అయిదేళ్ల పిల్లవాడు నోరు, చేయి, చెవి సిద్ధం చేసుకుని వచ్చాడన్న నమ్మకంతో మొదలయ్యేది. ఆ సిద్ధం చేసే పని ఇంటిది. అమ్మమ్మ కథలు, పొడుపుకథలు, వామనగుంటల్లో చింతగింజల లెక్క, గవ్వలాట, అక్క చంకన ఎక్కి ఊరంతా తిరగడం, అన్నీ కలిసి బడికి ముందటి మూడేళ్ల చదువు. దీన్ని చూసి మురిసిపోవలసిన పనిలేదు. ఇంట్లో తీరికగా కూర్చునే పెద్దలున్న పిల్లలకే అది పూర్తిగా అందేది. కూలికి వెళ్లే తల్లి బిడ్డ గట్టు మీద చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో ఉండేది. క్యాంప్‌బెల్ లెక్కలోని 6,641 మంది పిల్లల్లో ఆడపిల్లలు 60 మంది.

అయిదేళ్ల లోపు పిల్లల చదువు ప్రభుత్వ ప్రణాళికలో చోటు సంపాదించడానికి మరో నూటిరవై ఏళ్లు పట్టింది. ఈలోగా ఆలోచన బయట పెరిగింది. గుజరాత్‌లో గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం తెరిచారు. 1939 నవంబరులో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానం మీద మరియా మాంటిస్సోరి మద్రాసు అడయారు వచ్చి సుమారు 300 మందికి శిక్షణ ఇచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల ఆమె ఏళ్ల తరబడి ఇక్కడే ఉండిపోవలసి వచ్చింది. 1955లో వి. కోటేశ్వరమ్మ విజయవాడలో మాంటిస్సోరి బడి పెట్టారు. మంచి ప్రయత్నాలే, కానీ ఇవి పట్టణాలు దాటి వెళ్లలేదు. పల్లె పిల్లల కోసం వెతుకులాట మహారాష్ట్ర తీరాన జరిగింది. తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ 1945లో బోర్డీలో మొదలుపెట్టి, తర్వాత కోస్‌బాడ్ గిరిజనుల మధ్య పనిచేశారు. పిల్లలు బాలవాడికి, అంటే పసిపిల్లల బడికి, రాకపోతే బాలవాడే వాళ్ల వాకిళ్లలోకి వెళ్లాలన్నది వారి పద్ధతి. ఆకులు, గింజలు, గులకరాళ్లే అక్కడ బోధన సామగ్రి.

ప్రభుత్వం తరఫున మొదటి లెక్క 1944 నాటి సార్జెంట్ నివేదికలో కనిపిస్తుంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం దేశమంతటా పది లక్షల సీట్లతో నర్సరీ బడులుండాలనీ, వాటిలో పాఠాలకంటే నలుగురిలో మెలగడం నేర్పడం ముఖ్యమనీ అది చెప్పింది. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 45వ అధికరణం, పద్నాలుగేళ్లు నిండేవరకు పిల్లలందరికీ పదేళ్లలోగా ఉచిత నిర్బంధ విద్య అంది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. కింది వయసు ఏదో అందులో రాయలేదు. మూడేళ్ల పిల్ల కూడా ఆ మాటలో ఉంది.

స్వతంత్ర భారతంలో ఆ మూడేళ్ల పిల్ల దగ్గరికి మొదట డబ్బు పంపిన సంస్థకు అధ్యక్షురాలు తెలుగు మహిళే. రాజమండ్రిలో పుట్టి, మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నిలబెట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953 ఆగస్టులో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. మండలి గ్రాంట్లతో, సంక్షేమ విస్తరణ పథకాలతో గ్రామాల్లో బాలవాడీలు మొదలయ్యాయి. ఆడవాళ్ల కుట్టుపని, ప్రసూతి సాయం, వయోజన విద్యలతో పాటు ఒకే గొడుగు కింద నడిచాయి. తల్లి బాగుపడకుండా బిడ్డ బాగుపడదన్న అవగాహన అందులో ఉంది. ఆ అవగాహన సరైనదే. కానీ దాని వల్ల ఒక పర్యవసానం కూడా కలిగింది. పసిపిల్లల చదువు విద్యాశాఖలో కాక సంక్షేమ శాఖలో స్థిరపడింది. ఎవరి బడ్జెట్, ఎవరి తనిఖీ, ఎవరి శిక్షణ అన్న ప్రశ్నలకు ఈనాటికీ సరైన జవాబు రాకపోవడానికి మూలం అక్కడుంది. 1964–66 నాటి కొఠారి కమిషన్ ప్రతి రాష్ట్రంలో పూర్వ ప్రాథమిక విద్యకు ఒక కేంద్రం, జిల్లాల్లో మరికొన్ని ఉండాలని చెబుతూనే, బడులు నడిపే భారాన్ని చాలావరకు ప్రైవేటు వారికి వదిలింది.

1972లో మీనా స్వామినాథన్ నాయకత్వంలోని అధ్యయన బృందం ఇచ్చిన నివేదిక ఈ దారిని మార్చింది. ఆహారం, ఆరోగ్యం, ఆట, చదువు పసిబిడ్డ విషయంలో విడదీయరానివని అది వాదించింది. 1974లో జాతీయ బాలల విధానం, 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో గిరిజన ప్రాజెక్టు, అనంతపురం జిల్లా కంబదూరులో గ్రామీణ ప్రాజెక్టు మొదలయ్యాయి. గోండు గూడేలున్న అడవి ప్రాంతం ఒకటి, కరువుసీమ ఒకటి. ఆకలి ఎక్కువున్న చోట మొదలుపెట్టడం న్యాయమే.

పథకంలో ఆరు సేవలు: అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య బోధన, పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య. ఈ ఆరింటినీ ఊళ్లో మోసేది అంగన్‌వాడీ అనే కేంద్రంలోని ఒక కార్యకర్త, తోడుగా ఒక ఆయా. మొదట్లో ఆమెకిచ్చింది జీతం కాదు, గౌరవ వేతనం: పదో తరగతి పాసైతే నెలకు 150 రూపాయలు, కాకుంటే 100.

అంగన్‌వాడీ గదిలో ఒక పూట చూస్తే చదువు ఎందుకు వెనకబడిందో తెలుస్తుంది. టీచరు తలుపు తీసేసరికి కొందరు పిల్లలు వస్తారు, మిగిలిన వాళ్లను ఆయా ఇల్లిల్లూ తిరిగి తెస్తుంది. పప్పు, బియ్యం, నూనె తూకం వేసివ్వాలి. గుడ్లు లెక్కపెట్టాలి. గర్భిణులు, బాలింతలు వస్తే వాళ్ల భోజనం, పాలు చూడాలి. ఒకరోజు బరువులు, ఒకరోజు టీకాలు, ఒకరోజు సెక్టారు మీటింగు. రిజిస్టర్లు చాలవన్నట్లు 2021 నుంచి పోషణ్ ట్రాకర్ యాప్‌లో ప్రతిదీ ఎక్కించాలి. ఓటర్ల జాబితా నుంచి సర్వేల దాకా ఊళ్లో ఏ లెక్క కావాలన్నా కబురు ఆమెకే. వీటి మధ్య చాప మీద మూడేళ్లవాళ్లు, నాలుగేళ్లవాళ్లు, అయిదేళ్లవాళ్లు కలిసి కూర్చుంటారు. మూడేళ్ల పిల్లకు కావలసింది నీళ్లలో, మట్టిలో ఆట. అయిదేళ్ల పిల్లకు కావలసింది కథ విని తిరిగి చెప్పడం, గింజల్ని గుంపులు చేయడం. ఇద్దరికీ కలిపి దొరికేది ఒక గేయం, గోడ మీది జంతువుల పటం. టీచరును తప్పుపట్టడానికి ఇందులో ఏమీ లేదు. ఆరు పనులు అప్పగించి, అయిదింటి లెక్క రోజూ అడిగి, ఆరోదాన్ని ఎవరూ అడగకపోతే ఏది మిగిలిపోతుందో చెప్పనక్కర్లేదు.

చట్టం కూడా ఈ పిల్లల్ని దాటేసింది. 1993లో ఉన్నికృష్ణన్ – ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల వరకు విద్య ప్రాథమిక హక్కని తీర్పు చెప్పింది. వృత్తి విద్యా కళాశాలల క్యాపిటేషన్ ఫీజుల మీద మొదలైన వ్యాజ్యం అది. కింది వయసు అక్కడా గీయలేదు. తీరా 2002లో వచ్చిన 86వ రాజ్యాంగ సవరణ హక్కును ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకు పరిమితం చేసింది. ఆరేళ్ల లోపు వాళ్లను మార్చిన 45వ అధికరణంలోకి, అంటే ప్రభుత్వం ప్రయత్నించాల్సిన పనుల జాబితాలోకి పంపింది. 2009 విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ మూడేళ్లు దాటిన పిల్లల కోసం ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చని మాత్రమే అంది. బాధ్యతగా రాయలేదు. ఆ మేరకు ఇది పసిపిల్లలకు జరిగిన అన్యాయం.

హక్కు దక్కని చోట కోర్టులు కొంత ఆదుకున్నాయి. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న ఇచ్చిన ఉత్తర్వు, 2008 చివరికల్లా దేశంలో 14 లక్షల అంగన్‌వాడీలు ఉండాలంది. సంఖ్య గబగబా పెరిగింది. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు 55,607, తెలంగాణకు 35,700 కేంద్రాలు వచ్చాయి. రాష్ట్రవ్యాప్త వ్యవస్థ అంటే ముందు కావలసినది ప్రతి ఊళ్లో ఒక గది, ఒక మనిషి. అది సాధించడం చిన్న విషయం కాదు, ఆ ఘనత ఒప్పుకోవాలి.

ఆ గదుల నుంచి పిల్లలు బడికి ఎంత సిద్ధమై వెళ్తున్నారన్న ప్రశ్నకు జవాబు వెతికిన పెద్ద అధ్యయనం తెలుగు నేల మీద కూడా జరిగింది. ఢిల్లీ అంబేద్కర్ విశ్వవిద్యాలయం, అసర్ కేంద్రం 2011 నుంచి రాజస్థాన్, అస్సాం, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లలో దాదాపు 14,000 మంది పిల్లల్ని నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల దాకా వెంబడించాయి. ఎక్కువ తక్కువలు పోల్చడం, బొమ్మ చూసి మాట్లాడటం, చెప్పిన పని వరసలో చేయడం వంటివి పరీక్షించారు. 2017లో వచ్చిన ఫలితాలు సూటిగా ఉన్నాయి. బడికి ముందు ఎక్కడో ఒకచోట క్రమంగా వెళ్లినవాళ్లు కొంత మెరుగు. కానీ అయిదేళ్ల వయసులో ఎక్కువమంది ఒకటో తరగతికి కావలసిన స్థాయికి చాలా దూరంగా ఉన్నారు. అంగన్‌వాడీల్లో చదువు తక్కువ. ప్రైవేటు కాన్వెంట్ల ఎల్కేజీ, యూకేజీల్లో ఏబీసీడీలు, కాపీ రాతలు ఎక్కువ. రెండూ ఆ వయసుకు తగినవి కావు. డబ్బు కట్టి కాన్వెంటుకు పంపిన తల్లిదండ్రులు తమ బిడ్డ చదువుకుంటోందనే నమ్మారు. నోట్‌బుక్కు నిండటమే వాళ్లకు కనిపించిన రుజువు. ఊరి అంగన్‌వాడీ నుంచి నాలుగేళ్లకే పిల్లలు ఆటో ఎక్కి వెళ్లిపోవడం వెనక ఉన్నది ఈ నమ్మకమే.

2013 జాతీయ విధానం ఆట ద్వారా బోధన అంది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశగా చేసి, ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలంది. పునాది దశ ఆలోచనను ఆంధ్రప్రదేశ్ వేగంగా అందుకుంది. 2021లో అంగన్‌వాడీలను పీపీ–1, పీపీ–2 తరగతులతో పూర్వ ప్రాథమిక పాఠశాలలుగా ప్రకటించింది. వీలున్న చోట వాటిని ఒకటి, రెండు తరగతులతో కలిపి ఫౌండేషన్ పాఠశాలలన్నారు. అంగన్‌వాడీనీ బడినీ ఒకే వరసలో పెట్టిన ఆ ఆలోచన మంచిది. కానీ దానితో పాటు 2022 జూన్ నాటి 117 నంబరు జీవో కింద మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లల్ని ఉన్నత పాఠశాలలకు తరలించారు. ఊళ్లలో గొడవంతా దాని చుట్టూ తిరిగింది, పసిపిల్లల సంగతి మరుగున పడింది. 2024లో ప్రభుత్వం మారాక, మరుసటి ఏడు ఆ జీవో రద్దయి బడుల కొత్త వర్గీకరణ వచ్చింది.

ఈ మార్పులన్నిటి మధ్య మారనిది టీచరు పరిస్థితి. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు. అప్పుడు వారికి వస్తున్నది 11,500 రూపాయలు, అడిగినది 26,000. ప్రభుత్వం సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రయోగించినా సమ్మె 42 రోజులు నడిచింది. ఊరి పసిపిల్లల అన్నం, చదువు రెండూ ఆ ఒక్క మనిషి మీదే నిలిచి ఉన్నాయని ఆ 42 రోజుల్లో అందరికీ తెలిసింది.

పక్కనున్న తమిళనాడులో చేసిన ఒక ప్రయోగం దారి చూపిస్తోంది. అక్కడ 640 అంగన్‌వాడీలను ఎంచుకుని, కొన్నిటిలో చదువు కోసమే సగం పూట పనిచేసే మరో మనిషిని నియమించారు. పిల్లలకు బోధన సమయం రెట్టింపైంది, లెక్కలు, భాష మెరుగుపడ్డాయి. పాత కార్యకర్తకు తీరిక దొరకడంతో తీవ్ర పోషకాహార లోపం కూడా తగ్గింది. తెలుగు నేల మీద ప్రభుత్వాలు బోర్డులు, తరగతుల పేర్లు మార్చాయి గానీ అంగన్‌వాడీలకు చదువు కోసమే ఈ అదనపు మనిషిని ఇవ్వలేదు. తొంభై వేలకు పైగా కేంద్రాలకు చదువు కోసం ఒక్కో టీచరును మంజూరు చేయడం ఖర్చుతో కూడిన పనే. బడికి సిద్ధమైన పిల్లలు కావాలంటే ఏ కొత్త ప్రణాళికైనా ఆ పోస్టుతోనే మొదలవ్వాలి.