దగ్గు మందు దగ్గరే ఆపాలి

2021 సెప్టెంబరులో హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో జరిగిన 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్‌లో హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో పరిగెత్తి, పంతొమ్మిదేళ్ల జాతీయ రికార్డును చెరిపేసింది. ఆ పాత రికార్డు సునీతా రాణిది. 2002 బుసాన్ ఆసియా క్రీడల్లో ఆమె మూత్రంలో నాండ్రోలోన్ అనే నిషిద్ధ స్టెరాయిడ్ ఉందని పతకాలు లాక్కున్నారు; పరీక్షలోనే లోపాలున్నాయని తేలాక తిరిగిచ్చారు. డోపింగ్ చరిత్ర అంటే దొంగల చరిత్ర ఒక్కటే కాదు. పరీక్షల పొరపాట్లతో పాటు, మందు గురించి క్షుణ్ణంగా తెలిసిన మనిషి సమయానికి పక్కన లేకపోవడం కూడా అందులో పెద్ద భాగం.

ఒలింపిక్స్‌లో 1968 నుంచి పరీక్షలు నడుస్తున్నాయి. 1999లో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా, 2005లో మన జాతీయ సంస్థ నాడా వచ్చాయి. ఇవన్నీ ఎక్కువగా మందు ఒంట్లోకి పోయాక పట్టుకునే ఏర్పాట్లే. మందు చేతికిచ్చే ఫార్మసిస్టు సంగతి లోకానికి ఆలస్యంగా తట్టింది. జపాన్ 2009లో స్పోర్ట్స్ ఫార్మసిస్టులకు శిక్షణ, గుర్తింపు మొదలుపెట్టింది. ఆ అవసరం ఎంతటిదో చూడండి. 2000 సిడ్నీలో రుమేనియా జిమ్నాస్ట్ ఆండ్రియా రదుకాన్ జట్టు డాక్టరిచ్చిన జలుబు మాత్రతో స్వర్ణం పోగొట్టుకుంది. 2019లో క్రికెటర్ పృథ్వీ షాపై దగ్గు మందులోని టెర్బుటలిన్ వల్ల 8 నెలల నిషేధం పడింది. ఊపిరి గొట్టాలను వదులు చేసే మందుల్లోనే సాల్బుటమాల్‌ను పీల్చుకోవచ్చు, అదీ రోజుకు 1600 మైక్రోగ్రాములు దాటకుండా. టెర్బుటలిన్‌కు మాత్రం ముందస్తు అనుమతి ఉండాల్సిందే. ఈ తేడా కోచ్‌కు తెలియకపోవచ్చు. ఫార్మసిస్టుకు తెలిసి తీరాలి.

ఒంట్లో ఏముందో దానికి ఆటగాడిదే బాధ్యతని నిబంధన చెబుతుంటే షాపువాడికెందుకు ఈ బరువు అనవచ్చు. శిక్ష ఆటగాడికే పడుతుంది కాబట్టే సలహా ముందుగా అందాలి. కావాలని స్టెరాయిడ్ తీసుకునేవాడు సలహా అడగడన్నదీ నిజమే. కానీ డాక్టరు చీటీ లేకుండా ఆ ఇంజెక్షన్ అమ్మనని చెప్పగలిగిందీ ఆ కౌంటరు దగ్గరి మనిషే.

పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన జీవాంజి దీప్తి వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ. ఇలాంటి పల్లెల్లో దగ్గొచ్చినా, ఒళ్లునొప్పులొచ్చినా చాలామంది ముందు వెళ్లేది మందుల షాపుకే. ఇక్కడి కాకతీయ విశ్వవిద్యాలయం ఏటా ఫార్మసీ పట్టభద్రులను తయారుచేస్తోంది. వాళ్ల చదువులో నిషిద్ధ మందుల జాబితాను ఒక పాఠంగా చేర్చాలి, వాళ్లలో ఒకరిని స్టేడియంలో కూర్చోబెట్టాలి. ఈ పని వరంగల్ ఇప్పుడే మొదలుపెట్టాలి.