రొట్టె కన్నా ముందే ఇంగ్లీషు చేరిన ‘బగెట్’

ఫ్రెంచిలో ‘బగెట్’ అంటే సన్నని కర్ర. కర్రకు లాటిన్‌లో ఉన్న ‘బాకులుమ్’ అనే పేరు ఇటాలియన్‌లో ‘బక్కెత్తా’ అయి, అక్కణ్ణుంచి ఫ్రాన్స్ చేరింది. మంత్రదండం, డ్రమ్ము వాయించే కర్ర, చైనీయులు అన్నం తినే పుల్లలు ఫ్రెంచివారికి అన్నీ బగెట్లే. సుమారు 60 సెంటీమీటర్ల పొడవు, పావుకిలో బరువు ఉండే రొట్టెకూ ఆ ఆకారాన్ని బట్టే ఆ పేరు వచ్చింది.

ఇంగ్లీషులోకి మాత్రం ఈ మాట రొట్టెతో రాలేదు. 18వ శతాబ్దంలో భవన నిర్మాణ పదంగా వచ్చింది. గోడలకు, తలుపులకు అలంకారంగా తీర్చే సన్నని గుండ్రటి అంచుపట్టీకి అది పేరు. 1920ల నాటి ఆర్ట్ డెకో శైలి నగలలో సన్నని దీర్ఘచతురస్రంగా సానపట్టిన వజ్రం బగెట్ అయింది. ఆ అర్థంలో ఈ మాట మన నగల దుకాణాల్లోనూ వినిపిస్తుంది. రొట్టె అర్థం ఇంగ్లీషులో బాగా స్థిరపడింది 20వ శతాబ్దంలోనే. బ్రిటన్‌లో దాన్ని ‘ఫ్రెంచ్ స్టిక్’ అని కూడా అంటారు. ఇప్పుడక్కడ బగెట్ అంటే మధ్యలో చేపో, చీజో కూరిన శాండ్‌విచ్ కూడా. 1997లో ఫెండీ సంస్థ చంకలో ఇమిడే చిన్న చేతిసంచికి ఇదే పేరు పెట్టింది.

రొట్టె పుట్టుక చుట్టూ కథలు చాలా అల్లుకున్నాయి. నెపోలియన్ సైనికుల జేబుల్లో పట్టేలా చేయించాడనే కథకు ఆధారం లేదు. రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 వరకు బేకరీల్లో పని నిషేధించిన 1919 నాటి చట్టం వల్ల పుట్టిందనే మాటా పూర్తిగా నిలవదు. సన్నటి రొట్టె త్వరగా కాలుతుంది కనుక ఆ చట్టం దాని వాడకాన్ని పెంచి ఉండవచ్చు. కానీ పొడవాటి రొట్టెలు పారిస్‌లో 19వ శతాబ్దం నుంచే ఉన్నాయి. 1830ల చివర అక్కడ వియన్నా బేకరీ తెరిచిన ఆస్ట్రియా వాసి ఆగస్ట్ జాంగ్ ఆవిరి పట్టే పొయ్యిని వ్యాప్తిలోకి తెచ్చాడు. రొట్టె పైపొర పలుచగా, కరకరలాడుతూ, నిగనిగలాడేది ఆ ఆవిరి వల్లే. 1920లో పారిస్ ఉన్న సేన్ జిల్లా అధికారుల ఉత్తర్వులో బగెట్ పేరు స్పష్టంగా కనిపిస్తుంది: బరువు కనీసం 80 గ్రాములు, పొడవు 40 సెంటీమీటర్లకు మించరాదు, ధర 35 సెంటీమ్‌లు దాటరాదు.

1993 నాటి ఫ్రెంచి ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ‘సంప్రదాయ’ రొట్టె అని అమ్మాలంటే పిండిని గడ్డకట్టించి నిల్వ చేయకూడదు, రసాయనాలేవీ కలపకూడదు. 2022 నవంబరు 30న యునెస్కో బగెట్ తయారీ నైపుణ్యాన్ని, దాని చుట్టూ అల్లుకున్న సంస్కృతిని మానవాళి అవ్యక్త వారసత్వ జాబితాలో చేర్చింది.