తొట్టెల నుండి బడి దాక: మన ప్రాంతపు బిడ్డల నూరేండ్ల చరిత్ర

శతవార్షిక సంచిక అనగానే దేవాలయములు ఎప్పుడు కట్టబడినవి, అధ్యక్షులు ఎవరెవరు వచ్చినారు, పాఠశాలలు ఎన్ని వెలసినవి అను విషయములు వ్రాయుట ఆనవాయితీ. ఆ పనిని పెద్దలు చేయుచునే యున్నారు. మేము మాత్రము మన ఇండ్ల లోపల జరిగిన చరిత్రను గురించి నాలుగు మాటలు చెప్పదలచినాము. బాలాపూర్, మామిడిపల్లి, పహాడీషరీఫ్, శంషాబాదు ప్రాంతములలో ఒక బిడ్డ పుట్టి, తొట్టెలలో ఊగి, బోర్లపడి, నడిచి, బడికి పోవుదాక ఆనాడు ఏమి జరిగేది, ఈనాడు ఏమి జరుగుచున్నది అనునదే మా విషయము. ఇది చిన్న విషయముగా కనబడవచ్చును. కాని ఈ నూరేండ్లలో మన బ్రతుకులలో వచ్చిన అతిపెద్ద మార్పు ఇక్కడనే జరిగినదని మా నమ్మకము.

బిడ్డ ఎదుగుదలలోని ఒక్కొక్క మెట్టుకు మన తెలుగువారు ఒక్కొక్క వంటకమును ముడిపెట్టినారు. బోర్లపడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాయసము, గడప దాటితే గారెలు, అడుగులు వేస్తే అరిసెలు, పలుకులు వస్తే పంచదార చిలకలు. ఉన్నవారు ఇవన్నియు చేసి వాడకట్టంతా పంచేవారు. లేనివారు బెల్లపు ముక్కతోనో, గుప్పెడు పుట్నాలతోనో సరిపెట్టుకొనేవారు. ఎవరు ఏది పంచినను, బిడ్డ ఒక ప్రక్క నుండి మరియొక ప్రక్కకు దొర్లినందుకే ఇంత సంబరము ఎందుకు? ముద్దుమురిపెముల కొరకు మాత్రమే కాదని మా అభిప్రాయము. ప్రతి బిడ్డయు ఆ మెట్టు దాక వచ్చేది కాదు. వచ్చిన బిడ్డను చూచి ఇల్లంతా ఊపిరి పీల్చుకొనేది. ఆ ఊపిరియే పండుగయైనది.

21వ దినమున పురుడు పోసి, తొట్టెలలో వేసి, పేరు పెట్టు ఆచారమును కూడ ఈ దృష్టితో చూడవలెను. మొదటి మూడు వారములు గడచుటయే పెద్ద గండము. గండము గడచిన తరువాతనే పేరు, బంధువుల పిలుపు, చిన్న బంగారమో వెండి మొలతాడో.

మన పాత పేర్లు ఈ సంగతిని ఇంకను స్పష్టముగా చెప్పుచున్నవి. పుట్టిన బిడ్డలు వరుసగా చనిపోయినచో, తరువాత పుట్టిన బిడ్డను ఊరి పెంటకుప్ప మీద ఒక్క క్షణము పడుకోబెట్టి, అక్కడ దొరికినట్లుగా మరల ఎత్తుకొని తెచ్చేవారు. చావు కన్ను ఆ బిడ్డపై పడకూడదని వారి ఆశ. ఆ బిడ్డకు పెంటయ్య అనియో, పెంటమ్మ అనియో పేరు పెట్టేవారు. అడిగి తెచ్చుకొన్న బిడ్డ అను భావముతో భిక్షపతి అని పెట్టినవారును ఉన్నారు. మన తాతల తరములో ఈ పేర్లు లేని ఊరు తెలంగాణములో అరుదు. పెంటయ్య అని పిలిచినప్పుడు మనము నవ్వి యుండవచ్చును. కాని ఆ పేరు వెనుక అతని కంటె ముందు పుట్టి, పేరు సైతము నోచుకొనక పోయిన అన్నలు, అక్కలు ఉన్నారు. ఈనాడు ఏ తల్లియు తన బిడ్డకు ఆ పేరు పెట్టుట లేదు. నాగరికత పెరిగినందువలన అని కొందరందురు. పెట్టవలసిన అవసరము తీరినందువలన అని మేమందుము. ఆ అవసరము ఎట్లు తీరినది?

ఆనాడు హైదరాబాదు నగరము చుట్టును ఉన్న ప్రాంతము అత్రాఫె బల్దా జిల్లాగా, నిజాము సొంత ఖర్చులకు రాబడి నిచ్చు సర్ఫెఖాస్ భూములుగా ఉండేది. 1949లో సర్ఫెఖాస్ ప్రభుత్వములో కలిసినది. 1978లో ఈ గ్రామములతో ప్రత్యేక జిల్లా ఏర్పడి, తరువాత రంగారెడ్డి జిల్లా అయినది. 2016లో బాలాపూర్ మండల కేంద్రమైనది. పాలన ఎవరిదైనను, చాలాకాలము దాక కాన్పు మాత్రము ఇంటి చీకటి గదిలోనే, మంత్రసాని చేతులలోనే జరిగినది. ఆ మంత్రసానమ్మలను తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. అర్ధరాత్రి పిలిచినను వచ్చి, పాత చీరయు, సోలెడు బియ్యమును తీసుకొని రెండు ప్రాణములు నిలిపిన తల్లులు వారు. కాని కొడవలితో బొడ్డు కోయుట, దానిపై బూడిదయో పేడయో అద్దుట వలన ధనుర్వాతము సోకి అనేక శిశువులు మొదటి పది పదునైదు దినములలోనే పోయేవారు. వేడినీళ్లలో మరిగించిన బ్లేడు, గర్భిణికి ఇచ్చు సూదిమందు ఈ చావులను ఆపినవి. నవజాత శిశువుల ధనుర్వాతమును అదుపు చేసిన దేశముగా భారతదేశము 2015లో గుర్తింపు పొందినది.

ఆసుపత్రికి పోవుటయను అలవాటు సులభముగా రాలేదు. మగ డాక్టరు ముందు కాన్పుకు ఏ ఇల్లాలు ఒప్పుకొనేది? అందుచేతనే స్త్రీ వైద్యుల రాక మన చరిత్రలో మరువరానిది. 1883లో గుంటూరునకు వచ్చిన అమెరికా లూథరన్ వైద్యురాలు డాక్టర్ అన్నా కూగ్లరు 1898లో అక్కడ స్త్రీలకు, శిశువులకు ఆసుపత్రి తెరచినారు. మన హైదరాబాదులో 1953లో వెలసిన నీలోఫర్ ఆసుపత్రి మరియొక మైలురాయి. టర్కీ రాజవంశమునకు చెందిన నీలోఫర్ 1931లో నిజాము రెండవ కుమారుని వివాహమాడి ఇక్కడికి వచ్చినారు. ఆమె పరిచారిక ఒకామె కాన్పు కష్టమై మరణించగా, ఇట్టి చావులు ఇక కూడదని ఆమె ఆసుపత్రికి పూనుకొన్నారని చెప్పుదురు. ఆమెకు సంతానము లేదు. అయినను డెబ్బది ఏండ్లకు పైగా తల్లులు బిడ్డలను భుజాన వేసికొని ఆమె పేరు తలచుకొంటూ రెడ్ హిల్స్ మెట్లు ఎక్కుచున్నారు.

కాన్పు గండము గడచినను రోగముల గండము మిగిలియుండేది. అందరికంటె పెద్ద శత్రువు మశూచి. అమ్మవారు పోసినదని వేపమండలు కట్టి, ఇంటిలో తాళింపు వేయక, పోచమ్మకు మ్రొక్కుకొని దినములు లెక్కించేవారు. బ్రతికిన బిడ్డ ముఖముపై మచ్చలు, కొందరికి కండ్లు పోవుట. మన దేశములో తొలి మశూచి టీకా 1802లో బొంబాయిలో మూడేండ్ల పాపకు వేయబడినది. అయినను రోగము పూర్తిగా పోవుటకు 170 ఏండ్లకు పైగా పట్టినది. టీకాలవాడు వచ్చినాడనగానే పిల్లలను గాదెల వెనుక దాచిన తల్లులు ఉన్నారు. 1975 మే నెలలో మన దేశపు చివరి కేసు కనబడినది. 1977లో దేశము, 1980లో ప్రపంచమంతయు మశూచి లేనివిగా ప్రకటింపబడినవి. మన పెద్దల చేతిమీద గుండ్రని టీకా మచ్చ ఆ యుద్ధములో గెలిచిన పతకము వంటిది.

తరువాత ఒక్కొక్కటిగా తక్కిన టీకాలు వచ్చినవి. క్షయకు బీసీజీ టీకా పని 1948లో మన తెలుగునాట మదనపల్లెలో మొదలైన కేంద్రములలో ఒకదానిచే జరిగినది. కోరింత దగ్గు, కంఠసర్పి, తట్టు, పోలియో మొదలగు వానికి 1985 నవంబరు నుండి అందరికి టీకాలను కార్యక్రమము నడిచినది. 1995లో పోలియో చుక్కల ఆదివారములు మొదలైనవి. మన దేవాలయములలో ఆరాధన ముగియగానే పిల్లల నోటిలో చుక్కలు వేయించుకొని ఇంటికి పోయిన కుటుంబములు ఎన్నో. 2011 జనవరి తరువాత దేశములో సహజ పోలియో కేసు లేదు. 2014 మార్చిలో ఆ రోగము పోయినట్లు ధ్రువీకరింపబడినది.

వాంతులు, విరేచనములతో పసిబిడ్డలు గంటలలో వాడిపోయేవారు. నీళ్లు త్రాగించినచో రోగము ఎక్కువగునని తల్లులు భయపడేవారు. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరములో, సెలైను సీసాలు అయిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, చక్కెర కలిపిన నీటిని త్రాగించి వేలమందిని కాపాడినారు. ఈనాడు ప్రతి ఆశా కార్యకర్త సంచిలో ఉండు ఆ చిన్న పొట్లము విలువ అంతటిది.

ఇక తిండి సంగతి. ఇక్కడ మన నగరము దేశమునకే దారి చూపినది. 1918లో కూనూరులో పుట్టిన పోషకాహార పరిశోధనశాల 1958-59లో హైదరాబాదు తార్నాకకు వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకొన్నది. వేయించిన గోధుమలు, వేయించిన శనగలు, వేరుసెనగ గింజలు, బెల్లము కలిపిన పొడితో బక్కచిక్కిన బిడ్డలను బాగుచేయు పద్ధతిని అక్కడ రూపొందించినారు. దానికి హైదరాబాద్ మిక్స్ అని పేరు. అందులో ప్రతి సరకును మన అంగడిలో దొరకునదే. పసిబిడ్డల గుడ్డితనమును ఆపుటకు ఆరునెలల కొకసారి విటమిన్ ఏ మందు త్రాగించు జాతీయ పథకము 1970లో వచ్చుటకును ఈ సంస్థ పరిశోధనలే ఆధారము.

1975 అక్టోబరు 2న దేశములో 33 బ్లాకులలో అంగన్‌వాడీ పథకము మొదలైనది. దాని ఫలితము తెలిసికొనుటకు మన హైదరాబాదు పరిసరములలోని 29 గ్రామములలో జరిగిన పరిశీలన మన వారందరు తెలిసికొనదగినది. 1987 నుండి 1990 వరకు వానిలో 15 గ్రామములలో గర్భిణులకు, ఆరేండ్లలోపు బిడ్డలకు దినమునకు ఒక పూట మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టినారు. పథకము ఇంకను చేరని 14 గ్రామములలో అది లేదు. 2003-05లో ఆ బిడ్డలు 13 నుండి 18 ఏండ్ల వారైనప్పుడు 1165 మందిని మరల చూచినారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు తక్కిన వారికంటె సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. ముందుముందు చక్కెర వ్యాధికి, గుండెజబ్బుకు దారితీయు లక్షణములును వారిలో తక్కువగా కనబడినవి. తల్లి గర్భములోను, ఒడిలోను ఉన్నప్పుడు దొరికిన ఒక్క పళ్లెము ఉప్మా పదిహేనేండ్ల తరువాత కూడ ఒంటిలో కనబడినదన్నమాట.

ఇవన్నియు కలిసి ఏమి సాధించినవో అంకెలు చెప్పును. 1971లో మన దేశములో పుట్టిన వేయి మంది బిడ్డలలో 129 మంది తొలి పుట్టినరోజు చూడలేదు. అనగా ఎనిమిదింట ఒక తొట్టెల ఖాళీ అయినది. 2020 నాటికి ఈ సంఖ్య దేశములో 28కి, తెలంగాణములో 21కి దిగినది. పెంటయ్య పేరు పోవుటకు కారణమిదే.

బిడ్డ బ్రతుకుటతో పాటు బిడ్డ లెక్కలోనికి వచ్చుట కూడ ఒక మెట్టు. జనన మరణముల నమోదు చట్టము 1969లో వచ్చి 1970 నుండి అమలైనది. అంతకు ముందు మన కుటుంబములలో అనేకులకు బాప్తిస్మపు రిజిస్టరే పుట్టుకకు ఏకైక సాక్ష్యము. తక్కినవారి సంగతి బడిపంతులు తేల్చేవాడు. కుడిచేయి తలమీదుగా వేసి ఎడమ చెవి అందుకొన్న పిల్లవానికి బడి ఈడు వచ్చినట్లే. పుట్టిన తేది బడులు తెరచు జూన్ నెలలో పడేది. అందుచేత మన పెద్దలలో ఇంతమంది జూన్ నెలలోనే పుట్టినట్లు కాగితములు చెప్పుచున్నవి! ఆడపిల్ల వివాహ వయస్సు 1978లో 18 ఏండ్లకు పెంచబడుటయు ఇక్కడ చెప్పుకోదగినదే. తల్లియే పసిపిల్లయైనచో ఆమె ఒడిలోని బిడ్డ ఎట్లు బలపడును?

ఈ చరిత్ర మన సంఘపు వారిది మాత్రమే కాదు. మన ప్రక్కింటి ముస్లిము సోదరుల ఇండ్లలో నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగు దినములకు బిస్మిల్లా చదివించుట, హిందూ సోదరుల ఇండ్లలో అక్షరాభ్యాసము, మన ఇండ్లలో బాప్తిస్మము, ఆదివారపు బడి. మార్గములు వేరైనను తల్లుల భయమొకటే, సంబరమొకటే. 2008లో శంషాబాదున విమానాశ్రయము తెరచిన తరువాత కూలికై దూరప్రాంతముల నుండి వచ్చినవారు మన చుట్టును పెరిగినారు. దేశము విడిచి వచ్చిన రోహింగ్యా కుటుంబములు బాలాపూర్ వైపున గుడిసెలలో ఉన్నవి. వారి తొట్టెలలోని బిడ్డలకు టీకా చీటీ, బడిలో చోటు దొరకుట మన నూరేండ్ల క్రిందటి కష్టమంత కష్టము.

మన పని పూర్తియైనదని అనుకొనరాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణములో నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినవి. అదే సర్వేలో అయిదేండ్లలోపు బిడ్డలు నూటికి 33 మంది వయస్సుకు తగిన పొడవు లేరు. ఆరునెలలు దాటిన ఆ చిన్నారులలో నూటికి 70 మందికి రక్తహీనత ఉన్నది. మన తాతలు బిడ్డ బ్రతుకునా అని భయపడినారు. మనము బిడ్డ నిండుగా ఎదుగుచున్నదా అని చూడవలెను. గండము తొట్టెల నుండి పళ్లెములోనికి మారినది. పుట్టినరోజుకు వేలు పోసి కేకు కోయు ఇంటిలోనే, బిడ్డ దినమంతయు చిప్సు పొట్లముతో గడుపుట మనము చూచుచున్నాము.

కనుక సంఘ సభ్యులకు మా మనవి మూడు మాటలు. బిడ్డ బోర్లపడినప్పుడు బొబ్బట్లు పంచండి, కాని నెలనెల అంగన్‌వాడీలో బరువు కూడ తూయించండి. ఇంటిలో గ్రుడ్డు, పప్పు, ఆకుకూర, వేరుసెనగ మొదట బిడ్డ పళ్లెములో, ఆ తరువాతనే పెద్దల పళ్లెములో పడనివ్వండి. ఇంటి బైబిలు మొదటి పుటలో పుట్టిన బిడ్డల పేర్లు, తేదీలు వ్రాయు మన పాత అలవాటును విడువకండి. పుట్టి పోయిన బిడ్డల పేర్లను కూడ అక్కడ వ్రాయండి. ఇంతకాలము ఎవరును లెక్కపెట్టని ఆ చిన్నారులకు మన చరిత్రలో ఒక వరుస స్థలమైనను దొరకును.