అనవసర ప్రకటనలకు అడ్డుకట్ట
2008 నాటికి కంప్యూటర్ల లోకమున ఐపీ సార్వత్రికమై, నెట్‌వర్కు సాఫ్ట్‌వేరైన నోవెల్ నెట్‌వేర్ యుగ మస్తమించుచుండెను. అయినను ఆ యుగము రౌటర్లకు నేర్పిన మితభాషిత్వము స్మరణీయము.

నెట్‌వేర్ సర్వర్లు 60 సెకండ్ల కొకమారు తమ సేవలను ఎస్‌ఏపీ (సేవా ప్రకటన) పద్ధతిని చాటెడివి. ఒక్కొక్క ప్యాకెట్టున 7 సేవలకు మించి పట్టవు గనుక, 70 సేవలున్నచో 10 ప్యాకెట్లు, అనగా సుమారు 4,800 బైట్లు, సెకండుకు 9,600 బిట్ల లీజు లైనుపై నిమిషమునకు 4 సెకండ్లను హరించెడివి. దూరనగరమందలి ప్రింటరు వార్త ఇచట నెవ్వరికి కావలెను?

అందుకే సిస్కో రౌటర్లలో 1000 మొదలు 1099 వరకు గల యాక్సెస్ లిస్టులు ఈ ప్రకటనల వడపోతకై కేటాయింపబడినవి. ప్రింట్ సర్వర్లకు గుర్తైన 7 అను సంఖ్యను నిరాకరించి, తక్కినవాని ననుమతించు రెండు పంక్తులు చాలును; రెండవది మరచినచో సమస్తమును నిలిచిపోవును, ఏలయన లిస్టు చివర అగోచరమగు నిరాకరణ మొకటి సదా యుండును. వడపోతను పంపువైపుననే యుంచుట వివేకము. అందుకొనువైపున నుంచినచో అచటి రౌటరు సేవల పట్టిక శుభ్రపడునే గాని లైను భారము తగ్గదు.

పాత శాఖలను కలుపు ఇంజనీర్లు నేటికిని, ఏ ప్రకటన యెవరి కవసరమో విచారించిన పిమ్మటనే దారి తెరువవలెనని నా మనవి.