ఏ ఊళ్లోనూ నిలవనివ్వని ఆట

బేస్‌బాల్‌లో వర్ణవివక్ష అనగానే 1947లో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టిన నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ దగ్గర కథ మొదలుపెట్టడం అలవాటైపోయింది. ఆయన దాటిన గీతను ఎవరు, ఎప్పుడు గీశారో తెలియాలంటే మాత్రం మరో అరవై ఏళ్లు వెనక్కి వెళ్లి బడ్ ఫౌలర్ జీవితం చదవాలి.

అసలు పేరు జాన్ డబ్ల్యూ. జాక్సన్. 1858లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఫోర్ట్ ప్లెయిన్‌లో పుట్టాడు, కూపర్స్‌టౌన్‌లో పెరిగాడు. బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్నది ఆ ఊళ్లోనే. అందులో ఆయనకు చోటు దక్కింది 2022లో, చనిపోయిన 109 ఏళ్లకు. తండ్రి క్షురకుడు. కొడుకూ ఆ పని నేర్చాడు. ఆట కూడు పెట్టని రోజుల్లో ఆదుకున్నది అదే.

1878 ఏప్రిల్‌లో మసాచుసెట్స్‌లోని చెల్సీ జట్టుకు పిచర్‌గా దిగి, నేషనల్ లీగ్ విజేత బోస్టన్‌ను ప్రదర్శన మ్యాచ్‌లో 2-1తో ఓడించాడు. మరుసటి నెలలో లిన్ జట్టుకు ఆడాడు. తెల్లవారి వృత్తి జట్టులో ఆడినట్టు ఆధారాలున్న తొలి నల్లజాతీయుడు ఆయనే. తర్వాత స్టిల్‌వాటర్, కీయోకక్, టొపీకా... ఊళ్లు మారుతూనే ఉన్నాయి. కొన్నిచోట్ల లీగే మూతపడింది, ఇంకొన్నిచోట్ల ఆయన రంగు అడ్డొచ్చింది. ఆయన్ని నిలకడ లేని మనిషిగా చిత్రిస్తే అన్యాయం. నిలవనిచ్చిందెవరు?

క్రమంగా సెకండ్ బేస్ దగ్గర స్థిరపడ్డాడు. అక్కడికి జారుతూ వచ్చే ప్రత్యర్థులు బూట్ల ముళ్లతో కావాలనే ఆయన కాళ్లను చీరేవారట. దాంతో మోకాళ్ల కింద చెక్క పలకలు కట్టుకుని ఆడేవాడని నాటి ఆటగాళ్లు చెప్పుకున్నారు.

1887 అసలు మలుపు. ఇంటర్నేషనల్ లీగ్‌లోని బింగ్‌హామ్టన్ జట్టులో ఆయన బ్యాటింగ్ సగటు .350. అయినా ఆయన ఉంటే ఆడేది లేదని తోటి ఆటగాళ్లే భీష్మించారు. యాజమాన్యం ఆయన్నే వదులుకుంది. కొద్దిరోజులకే, జులై 14న, ఇంటర్నేషనల్ లీగ్ క్లబ్బులు ఇకపై నల్లజాతివారితో కొత్త ఒప్పందాలు చేసుకోరాదని తీర్మానించాయి. అదే రోజు నెవార్క్‌లో నల్లజాతి పిచర్ జార్జ్ స్టోవీ ఉంటే మైదానంలోకి రామని కాప్ ఆన్సన్ నాయకత్వంలోని చికాగో జట్టు పట్టుబట్టింది. ఎదుటివారితో పాటు సొంత జట్టువాళ్లూ ద్వేషిస్తే, ఎంత ఆట వచ్చినా మనిషి ఎక్కడ నిలుస్తాడు?

తలుపులు మూసుకుపోతుంటే ఫౌలర్ జట్టునే కట్టాడు. 1894లో మిచిగన్‌లోని ఏడ్రియన్‌లో, గ్రాంట్ జాన్సన్‌తో కలిసి, ఓ తీగ కంచెల కంపెనీ పెట్టుబడితో పేజ్ ఫెన్స్ జెయింట్స్‌ను ప్రారంభించాడు. ఆటగాళ్లు సొంత రైలు పెట్టెలో ప్రయాణించేవారు. హోటళ్లు గది ఇవ్వని ఊళ్లలో పడకా అక్కడే. మ్యాచ్‌కు ముందు సైకిళ్ల మీద ఊరేగి జనాన్ని మైదానానికి రప్పించేవారు. 1885లో పుట్టిన నల్లజాతి వృత్తి జట్టు క్యూబన్ జెయింట్స్ చూపిన దారినే ఇలా ముందుకు తీసుకెళ్లారు.

ఫౌలర్ 1913లో పేదరికంలో కన్నుమూశాడు. సొంత జట్లతో ఆడుతూ బతికిన ఆ తరం కూడబెట్టిన అనుభవం మీదే, 1920లో కాన్సాస్ సిటీలో రూబ్ ఫాస్టర్ నీగ్రో నేషనల్ లీగ్‌ను నిలబెట్టాడు.