కోటకు 72 బురుజులు, మన పనికి ఎన్ని?

చాలా రోజుల తర్వాత పెద్ద పోస్టు రాస్తున్నాను. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. వచ్చే నెల కోయంబత్తూరులో మనం కూర్చుని తేల్చుకోవలసిన సంగతి ఇందులోనే ఉంది.

మన ఇళ్లలో మాట్లాడే తెలుగు మాటలను పోగుచేసే పని ఒకటి నడుస్తోందని మీకు తెలుసు. పెద్దవాళ్ల గొంతు రికార్డు చేసి, మాటకు అర్థం రాసి, ఎవరైనా ఫోనులో వెతుక్కునేలా మన పిల్లలు ఒక యాప్ చేస్తున్నారు. దాని కోడ్ ఓపెన్ సోర్స్. అంటే ఊరి బావి లాంటిది. ఎవరైనా తోడుకోవచ్చు, పూడిక పడితే ఎవరైనా దిగి తీయవచ్చు. నిరుడు ఈ పనిలో ఆరుగురం ఉన్నాం. ఇప్పుడు కోవిల్‌పట్టి, తేని, పొల్లాచ్చి, ఉడుమలపేట వైపు నుంచి కూడా పేర్లు ఇచ్చారు, నలభై మంది దాటాం. సంతోషమే. కానీ ఆరుగురం ఉన్నప్పుడు వారంలో అయిన పని ఇప్పుడు నెలలో కూడా కావడం లేదు. ఒకే మాటను ముగ్గురు రాస్తున్నారు, ఇంకో వంద మాటలను ఎవరూ ముట్టుకోవడం లేదు.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. మొదటి ఏడాది రికార్డులన్నీ నా ఒక్కడి ఫోనులోనే పెట్టుకున్నాను. నేనే అడగాలి, నేనే రాయాలి, నేనే సరిచూడాలి అనుకున్నాను. ఆ ఫోను వానలో తడిసి చచ్చిపోయింది. అందులో కోవిల్‌పట్టి పక్క పల్లెలో ఒక అవ్వ చెప్పిన పత్తిచేను మాటలున్నాయి, దాదాపు గంటసేపు. ఆ తై నెలలోనే అవ్వ పోయింది. పదహారో రోజు ఆమె మనవడు ఫోను చేసి, "అన్నా, మా అవ్వ గొంతు మీ దగ్గర ఉంది కదా, కొంచెం పంపిస్తారా?" అని అడిగాడు. నేను చెప్పిన జవాబు ఇక్కడ రాయలేను.

అందుకే ఈ మధ్య మదురై వెళ్లినప్పుడు పెరియార్ బస్టాండులో దిగి, పెరుమాళ్ మేస్త్రి వీధి వెంట నడుస్తూ ఇదే ఆలోచించాను. ఆ వీధికే ఒక చరిత్ర ఉంది.

1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడితో మధుర నాయకుల ఏలుబడి మొదలయింది. ఆయన, ఆయన దళవాయి అరియనాథ మొదలియారు కలిసి దేశాన్ని 72 పాళెములుగా పంచారని, మదురై కోటకు 72 బురుజులు కట్టించి ఒక్కో బురుజు కాపలాను ఒక్కో పాళెగాడికి అప్పగించారని మనం చిన్నప్పటి నుంచి విన్న మాట. పాళెము రాబడిలో ఒక వంతు నాయకుడికి, ఒక వంతు సైన్యానికి, ఒక వంతు పాళెగాడికి అని పెద్దలు చెప్పే లెక్క. పాళెగాళ్లందరూ మనవాళ్లు కారు. ఎట్టయాపురం, పాంచాలంకురిచ్చి, బోడినాయక్కనూరు లాంటి చోట్ల తెలుగువాళ్లుంటే, వేరేచోట్ల మరవ పాళెగాళ్లూ ఉన్నారు. అంటే ఎవరి మనిషి అని కాదు, ఎవరు ఏ బురుజుకు జవాబుదారీ అన్నదే ఆ ఏర్పాటుకు ప్రాణం.

నాయక రాజ్యం 1736లో ముగిసింది. నడిమి రాజ్యం కూలినా పాళెములు కూలలేదు, ఇంకో అరవై ఏళ్లకు పైగా నిలబడ్డాయి. పని పంచి ఉంటే తల పోయినా ఒళ్లు బతుకుతుందన్నమాట. అయితే దీనికి రెండో పక్క కూడా ఉంది. పాళెములన్నీ కూర్చుని మాట్లాడుకునే చావడి ఒకటి లేకపోయింది. 1799లో కంపెనీ పాంచాలంకురిచ్చి మీదికి వచ్చినప్పుడు పక్కనున్న ఎట్టయాపురం కంపెనీ వైపు నిలిచింది. ఆ అక్టోబరు 16న కట్టబొమ్మును కయత్తారులో ఉరితీశారు. బురుజులు ఎన్ని కట్టినా, వాటిని కలిపే గోడ లేకపోతే కోట కాదు.

ఆ మదురై కోట గోడ కథ కూడా వినండి. 1830లు, 40లలో కలెక్టరుగా ఉన్న బ్లాక్‌బర్న్‌కు, ఊరు పెరగాలంటే కోట గోడ అడ్డమని తోచింది. అంత గోడను సర్కారు కూలీలతో పడగొట్టడం అయ్యే పని కాదు. అందుకని జాగాను ముక్కలుగా కొలిచి, ఎవరు ఎంత గోడ పడగొట్టి అగడ్త పూడుస్తారో వాళ్లకు ఆ జాగా సొంతం అన్నాడు. జనం వచ్చి పడగొట్టారు. కొలతలు వేసిన మారట్ పేరు, పెరుమాళ్ మేస్త్రి పేరు ఇప్పటికీ వీధుల మీద ఉన్నాయి. మనం రోజూ ఆటో ఎక్కే వెళి వీధి కూడా అప్పటిదే. పెద్ద పనిని ఒక మనిషి చేతికి అందేంత ముక్క చేయడం, ముక్కకు హద్దు చూపడం, చేసినవాడి పేరు నిలపడం, ఈ మూడూ జరిగాయి కాబట్టి అంత పని అయింది.

ఇక మన పిల్లలు చేసే సాఫ్ట్‌వేర్ సంగతికి వస్తాను. అక్కడ కూడా ఇదే కథ నడిచింది.

1991లో ఫిన్లండులో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టాడు. ఎక్కడెక్కడి వాళ్లో మార్పులు పంపేవారు, ఆయన చూసి కలుపుకునేవాడు. 1998 నాటికి వచ్చే మార్పులు ఎక్కువై, ఆయన ఒక్కడి చేతిలో పట్టక జారిపోవడం మొదలయింది. పంపినవాళ్లకు జవాబు లేదు, కోపాలు పెరిగాయి. 2002లో మళ్లీ అదే రగడ. ఆయన తెలివిలో లోపమేమీ లేదు. ఒక మనిషికి రోజుకు ఉన్నది 24 గంటలే. క్రమంగా ఒక్కో భాగానికి ఒక్కో సంరక్షకుడు గట్టిపడ్డాడు. ఏ భాగానికి ఎవరు జవాబుదారీ అని రాసిపెట్టిన జాబితా ఆ కోడ్‌తోపాటే ఉంటుంది. కొత్తవాడు నేరుగా లైనస్ దగ్గరికి పోనక్కరలేదు, తన బురుజు కాపరి దగ్గరికి పోతే చాలు. మార్పులను కలుపుకునే పనికి 2005లో ఆయనే గిట్ అనే పనిముట్టు రాశాడు. ఇప్పుడు రెండు నెలలకు కాస్త అటూ ఇటూగా వచ్చే ఒక్కో విడుదలలో సుమారు రెండు వేల మంది చేతులు పడుతున్నాయి.

డెబియన్ సంగతి మనకు ఇంకా దగ్గర, ఎందుకంటే అది మొదటినుంచీ స్వచ్ఛంద సేవకుల పని. 1993లో ఇయన్ మర్డాక్ మొదలుపెట్టాడు. మనుషులు పెరిగిపోయి, ఎవరికి ఏం తెలుసో తెలియని స్థితి వచ్చినప్పుడు, 1999లో కొత్తవాళ్లను చేర్చుకోవడమే ఆపేశారు. తలుపు మూసి ఊరుకోలేదు, ఆ వ్యవధిలో పద్ధతి రాసుకున్నారు. 2000లో మళ్లీ తెరిచినప్పుడు ప్రతి కొత్తవాడికీ ఒక పాతవాడిని జత చేశారు. మనిషి ఎవరు, మన ఉద్దేశం అర్థమైందా, పని వచ్చా, ఈ మూడూ ఆ పాతవాడు చూస్తాడు. వాళ్ల నాయకుడిని ఏటా ఓటు వేసి ఎన్నుకుంటారు.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి ఉంది. డెబియన్‌లో పని వదలడానికి కూడా మర్యాద ఉంది. "నాకు సాయం కావాలి" అని ఒక గుర్తు, "దీన్ని ఎవరైనా దత్తత తీసుకోండి" అని ఒక గుర్తు, "ఇక ఇది అనాథ" అని ఒక గుర్తు. చాలాకాలంగా జాడ లేని సంరక్షకులను పలకరించడానికి ప్రత్యేకంగా ఒక జట్టే ఉంది. మన సంఘాలలో అలా ఉందా? పని చేయలేనివాడు సిగ్గుతో ఫోను ఎత్తడు, మనం ఊరుకుంటాం, పని మాత్రం వాడి పేరుమీదే ఎండిపోతుంది.

మన తెలుగులో కూడా చూడండి. కొమర్రాజు లక్ష్మణరావు గారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టారు. తోడు పండితులు ఉన్నా బరువంతా ఆయన భుజం మీదే. 1923లో ఆయన పోయేనాటికి మూడు సంపుటాలే వచ్చాయి. తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు గారు భుజం మార్చుకున్నా, అనుకున్న సర్వస్వం పూర్తి కాలేదు. ఎనభై ఏళ్ల తర్వాత, 2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారి చొరవతో తెలుగు వికీపీడియా పుట్టింది. దానిలో పండితుడు, పల్లెటూరి మాస్టారు, కాలేజీ పిల్ల అందరూ రాస్తున్నారు. మాట్లాడుకునే చోటుకు రచ్చబండ అని, చిన్న వ్యాసానికి మొలక అని ఎంత మంచి పేర్లు పెట్టుకున్నారో! వాళ్లకూ కష్టాలు వచ్చాయి. ఊరి పేరు, మండలం పేరు తప్ప ఏమీ లేని మొలకలు వేలల్లో పోగయ్యాయి, వాటికి నీళ్లు పోయడానికి ఏళ్లు పట్టింది. లెక్క పెరగడం వేరు, పంట పండడం వేరు.

మదురై పేరుమీదే ఇంకో పని ఉంది. 1998 పొంగలి నాడు స్విట్జర్లండులో ఉండే కల్యాణసుందరం గారు, అమెరికాలో ఉండే కుమార్ మల్లికార్జునన్ గారు ప్రాజెక్ట్ మదురై మొదలుపెట్టారు. పాత తమిళ పుస్తకాలను టైపు చేసి ఉచితంగా అందరికీ ఇవ్వడం దాని పని. ఒకరు టైపు చేస్తారు, ఇంకొకరు సరిచూస్తారు, పుస్తకం మొదట్లోనే ఇద్దరి పేర్లూ వేస్తారు. జీతం లేదు, ఆఫీసు లేదు. ఇరవై ఐదేళ్లు దాటినా నడుస్తోంది.

ఇప్పుడు మన పనికి నేను అడిగేది ఇది.

ఐదు బురుజులు చాలు. పెద్దవాళ్ల దగ్గర కూర్చుని రికార్డు చేసేవాళ్లు, విని రాసేవాళ్లు, సరిచూసేవాళ్లు, కోడ్ రాసేవాళ్లు, కొత్తవాళ్లకు నేర్పేవాళ్లు. ఐదోది మరీ ముఖ్యం, అది లేకే ఇప్పుడు నలభై మంది నిలబడి చూస్తున్నాం.

ప్రతి బురుజుకు ఇద్దరు. ఒకరికి పెళ్లి పనులు వచ్చినా, జ్వరం వచ్చినా రెండోవారికి అంతా తెలిసి ఉండాలి. గడువు ఒక పొంగలి నుంచి ఇంకో పొంగలి దాకా. పాళెగాడి కొడుకే పాళెగాడు అన్న పద్ధతి మనకు వద్దు. దిగిపోయేవారికి శాలువా కప్పి పంపుదాం, ముఖం చాటేసే అవసరం రానివ్వవద్దు.

పని ముక్క చిన్నదిగా ఉండాలి. "పల్లె మాటలు పోగుచెయ్యి" అంటే ఎవరూ కదలరు. "మీ అత్తగారిని వంటింటి సామాను పేర్లు పది అడిగి రికార్డు చెయ్యి" అంటే ఆదివారం మధ్యాహ్నం అయిపోతుంది. వంటిల్లు, పురుడు, పెళ్లి పాటలు, ఇవన్నీ మన అక్కలు, వదినలు అడిగితేనే అవ్వలు నోరు విప్పుతారు. ఇన్నాళ్లూ ఈ పనిని మగవాళ్ల గుంపుగా నడిపింది కూడా నా తప్పే.

తెలుగు అక్షరాలు రాని పిల్లలు మనలో చాలామంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. వాళ్లను బయట నిలబెట్టవద్దు. విన్న మాటను తమిళ లిపిలో రాయనివ్వండి, అక్షరాలు వచ్చినవారు పక్కన తెలుగులో రాస్తారు. ఇడైసెవల్ పల్లెలో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ గారు కరిసల్ నేల తమిళ మాటలకు నిఘంటువు చేశారు. తెలుగు ఇంటి మనిషి తమిళానికి అంత చేస్తే, తమిళ బడిలో చదివిన మన పిల్లలు తెలుగుకు చేయలేరా?

చివరిది, రికార్డులు ఎవరి ఫోనులోనూ ఉండకూడదు. కోయంబత్తూరులో కూర్చుంటున్నాం కాబట్టి పి.ఎస్.జి. వారిని గుర్తు చేస్తాను. 1926లో గోవిందస్వామి నాయుడు గారి నలుగురు కొడుకులు ఆస్తిని నాలుగు కాదు, ఐదు వాటాలు చేసి, ఐదోది ధర్మానికి రాసిచ్చారు. అది ఏ ఒక్క అన్నదమ్ముడిదీ కాదు కాబట్టే ఇన్ని బడులు, కాలేజీలు, ఆసుపత్రి నడుస్తున్నాయి. మన మాటలు కూడా అలా ఐదో వాటా కావాలి. మూడు చోట్ల నకలు ఉండాలి, ఏ ఒక్కరి సొంతం కాకూడదు.

వచ్చేవాళ్లు ఏ బురుజుకు ఇష్టమో కింద రాయండి. "నాకు ఏం వచ్చు?" అనుకునేవాళ్లు కూడా రాయండి, మీ కోసమే ఐదో బురుజు. ఆ అవ్వ మనవడు ఇప్పుడు మన జట్టులోనే ఉన్నాడు. మొన్న తన చిన్నవ్వ దగ్గర కూర్చుని నలభై నిమిషాలు రికార్డు చేశాడు. ఫైలు నాకు పంపాడు. ఈసారి దాన్ని నా దగ్గర మాత్రమే ఉంచుకోలేదు.