ఖగోళ పరిశోధనము – రాజద్రవ్యము, ప్రజాద్రవ్యము

1936 ఏప్రిల్ 1వ తేదీన గంజాము ఒరిస్సాలో చేరువరకు మనమును విశాఖపట్టణము వారును ఒకే మదరాసు రాజధానికి చెందినవారము. కావున విశాఖలోని గోడేవారి నక్షత్రశాల కథ మన యింటి కథయే యనవచ్చును. 1840 ప్రాంతమున గోడే వెంకట జగ్గారావుగారు మదరాసు నక్షత్రశాలాధికారి టేలరుగారి కడ విద్య గడించి, సొంత ధనముతో డాబాగార్డెన్సునందు దుర్భిణిని నెలకొల్పిరి. వారి యల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు 1874లో శుక్రుడు సూర్యబింబమును దాటుటను అచటినుండియే పరిశీలించిరి. 1892లో వారు దివంగతులైరి. నేడా నక్షత్రశాల లేదు. ఒక కుటుంబము వెచ్చించినంతకాలమే అది బ్రదికినది.

మన పొరుగున ఖండపడాలో సామంత చంద్రశేఖరులు (1835–1904) దుర్భిణి లేకయే, వెదురుతోను కొయ్యతోను చేసికొన్న యంత్రములతో గ్రహగతులను కొలిచిరి. తాటియాకులపై వ్రాసిన వారి ‘సిద్ధాంత దర్పణము’ 1899లో కలకత్తాలో అచ్చుపడినది. ఆఠమల్లిక, మయూరభంజ ప్రభువుల సాయము లేకున్న అదియు పెట్టెలోనే యుండెడిది.

హైదరాబాదులో కథ వేరొక త్రోవ పట్టినది. 1901లో నవాబు జఫర్‌జంగు స్వయముగా 15 అంగుళముల దుర్భిణిని తెప్పించెను. ఆయన మరణానంతరము 1908లో నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించెను. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరెను. ప్రపంచదేశములు పంచుకొన్న ఆకాశచిత్ర పట్టికలో హైదరాబాదు వంతు ఏడున్నర లక్షలకు పైబడిన నక్షత్రములు! ఏటేట జీతములు చెల్లించు ఖజానా లేనిదే ఏ నవాబు సాధించగలడీ పనిని? తరువాత రంగాపురమున 48 అంగుళముల దుర్భిణి 1968లో వెలసినది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును పండితులు అచటినుండి చూచిరి.

ఇక మన శ్రీహరికోట. 2013 ఫిబ్రవరి 25న పి.ఎస్.ఎల్.వి. – సి20 మోసికొనిపోయిన వానిలో రెండు చిన్న పెట్టెలుండెను: ఒకటి గ్రాజు సాంకేతిక విశ్వవిద్యాలయమున నిర్మితమైనది, రెండవది వియన్నా విశ్వవిద్యాలయము టొరాంటోలో చేయించుకొన్నది. ఒక్కొక్కటి జానెడు ఘనము, ఏడు కిలోల బరువు, మూడు సెంటీమీటర్ల దుర్భిణి. కంటికి కనబడు ప్రకాశవంతములైన తారల వెలుగు హెచ్చుతగ్గులను, భూమిపై గాలి చలనము అడ్డు రాకుండ, నెలల తరబడి కొలుచుట వాని పని. ఆస్ట్రియాకు అవియే తొలి యుపగ్రహములు. గ్రాజువారికి ద్రవ్యమిచ్చినది ఆ దేశపు పరిశోధన ప్రోత్సాహక సంస్థ.

మన దేశమునను 2009లో అన్నా విశ్వవిద్యాలయపు 40 కిలోల ఉపగ్రహము ఇస్రో తోడ్పాటుతో ఎగిరినది. కాని దాని పని సందేశముల చేరవేత, నక్షత్రములు కావు. 1967లో స్థాపితమైన మన బరంపురము విశ్వవిద్యాలయము పేరు ఇట్టి జాబితాలలో ఇంతవరకు నే చూడలేదు.

“బడికప్పు కారుచుండగా ఉపగ్రహమేల?” అని పిల్లల తండ్రులు నన్నడుగుదురు. ఆ ప్రశ్నను నేను త్రోసిపుచ్చను. తెలుగు పాఠ్యపుస్తకములకై ఏటేట ఎదురుచూచువాడనే. అయినను కప్పునకును ఉపగ్రహమునకును ఒకే సంచినుండి రూకలు తీయవలెనను లెక్క నాకు సమ్మతము కాదు. పెట్టెడు యంత్రమునకు కావలసినది భూరి విరాళముకంటె, అయిదారేండ్లు తెగక వచ్చు కొద్దిపాటి గ్రాంటు.

ఆ రెండు పెట్టెలు కొలిచిన లెక్కలు ఇప్పుడెల్లరకును ఉచితముగా లభించుచున్నవి. గణితము తెలిసిన గంజాము విద్యార్థి యెవడైనను రేపే వానిని తెరచి చూడవచ్చును.